పక్కింటి పొయ్యి

ఆ రోజుల్లో సేవ చెయ్యడానికి మంచి మనసు ఒక్కటుంటే చాలనుకునేవాళ్ళం. ఆకలిగొన్నవాళ్ళకు ఇంత పెట్టడం, ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చుని మనమూ నాలుగు కన్నీళ్ళు కార్చడం, దానికి మళ్ళీ చదువేమిటి? అలాంటిది కర్నూలులో ఆడవాళ్ళకు సేవ చెయ్యడం నేర్పే బడి ఒకటుండేది. మా ఆయన అందులో వంటవాడు. నేను ఆయన వెనక అంట్లు తోమేదాన్ని. బడి నడిపే ఆమెను అందరం పెద్దక్క అనేవాళ్ళం. అంట్ల మధ్య నుంచి నన్ను లేపి పలక చేతిలో పెట్టింది ఆమే. అప్పటికి నా పెద్దకూతురు కాపురానికి వెళ్ళిపోయింది. అల్లుడు ఇంటికొస్తే పలకను బియ్యపు చేటకింద దాచేదాన్ని. మొత్తానికి అక్షరాలు వచ్చాయి, వాటి వెంట గర్వమూ వచ్చింది. (గర్వానికి గుణింతాలు నేర్చుకోవలసిన పని లేదు కదా, అదే ముందొచ్చింది.) కాగితం మీద నా చేత్తో రాసినది ఏదైనా సరే, నిజం కాకుండా ఎలా పోతుందని నా నమ్మకం.

పెద్దక్క మాకు రోజూ ఒకటే పాఠం చెప్పేది. "ముందు వెళ్ళి అడగండి, చూడండి, తెలుసుకోండి. తర్వాతే చెయ్యండి. మనకు తోచింది పెట్టడం సేవ కాదు." ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బేతంచెర్ల అవతల నాపరాళ్ళు తీసే పల్లె ఒకటుంది. అక్కడ గనుల్లో పని ఆగిపోయిందనీ, పిల్లలు పస్తులుంటున్నారనీ కబురొచ్చింది. పెద్దక్క మమ్మల్నీ, జొన్నల బస్తాలనూ, ఒక పెద్ద గంగాళాన్నీ తీసుకుని బేతంచెర్ల చర్చి ఆవరణలో దిగింది. పల్లెలో అంబలి కాచి పోసే కొట్టం తెరవాలా వద్దా అన్నది అడిగి తెలుసుకుని రమ్మని నన్ను పంపింది. "నువ్వు ఈ నేల మనిషివి. నీతో అయితే మనసు విప్పి మాట్లాడతారు" అంది. నా పాదాలు నేల మీద ఆనలేదు.

ఉతికి గంజి పెట్టిన చీర కట్టాను. పెద్దక్క గొడుగు అడిగి పుచ్చుకున్నాను. భుజాన సంచి, చేతిలో కాగితం. ఇంటింటికీ వెళ్ళి గడప ముందు కూర్చుని అడిగాను. పిల్లలెంతమంది? ఆడపిల్లలెందరు? వయసెంత? ఒంట్లో ఎలా ఉంటారు? పూటపూటా ఏం తింటారు? భూమి ఏమైనా ఉందా?

జవాబులు వింటే నాకే నోరూరింది. "మాకేమక్కా, రెండు పూటలా వరిబువ్వే తింటాండాం" అంది ఒకామె. "మా పిల్లకు ఈడొచ్చినాక తలనొప్పంటే ఏందో తెలీదు" అంది ఇంకొకామె. మూడో ఇంట్లో నెయ్యి కూడా వచ్చి చేరింది. ఏ ఇంటికి వెళ్ళినా చాప వేశారు, తళతళలాడే ఇత్తడి చెంబుతో మంచినీళ్ళిచ్చారు. ప్రతి ఇంటి చెంబుకూ మూతి దగ్గర ఒకే చోట సొట్ట ఉంది. ఈ ఊరివాళ్ళంతా ఒకే కంచరివాడి దగ్గర కొన్నట్టున్నారు, పాపం వాడికి పనితనం చాలదు అనుకున్నాను. మిట్టమధ్యాహ్నమైనా ఏ ఇంటి కప్పు మీదా పొగ లేదు. పొద్దున్నే వండుకునే చురుకైన ఆడవాళ్ళని మెచ్చుకున్నాను. వీధిలో పిల్లల పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. అదొక్కటే కాస్త అనుమానం కలిగించింది గానీ, కాగితం మీద నెయ్యి అని రాసేశాక ఎముకల మాట ఎవరు నమ్ముతారు?

ఆ రాతంతా పెద్దక్క ముందు పెట్టాను. ఆమె రెండుసార్లు చదివింది. "మనమే పొరపాటు పడ్డాం. అవసరం లేనిచోట కొట్టం పెట్టి వాళ్ళను చిన్నబుచ్చకూడదు. గంగాళం, జొన్నలు సాయంత్రం రైలుబండికి కర్నూలు పంపేద్దాం" అంది. అందరిలో నన్ను మెచ్చుకుంది కూడా. మా ఆయన గంగాళం దొర్లించుకుపోతూ, "నెయ్యి తినే ఊరికి అంబలి కాస్తానని వచ్చినానే, ఎంత సిగ్గుమాలినోన్ని!" అన్నాడు. నేను వినిపించుకోలేదు.

అప్పుడొచ్చింది కట్టెల అవ్వ. ఆ పల్లెనుంచే మా ఆయనకు వంటకట్టెలు తెచ్చి అమ్మే ముసలామె. మోపు కింద పడేసి, నన్ను చూసి ముఖం విప్పార్చుకుని దగ్గరకొచ్చింది.

"ఏమ్మా, మా మనవరాలి సంగతి ఏం జేస్తివి? పిల్లోడు యాడోడు?"

"ఏ పిల్లోడవ్వా?"

"నా కాడ దాస్తావేందిమ్మా! గొడుగేసుకోనొచ్చి, పిల్ల ఈడెంత, ఏం తింటారు, చేనుండాదా అని ఇల్లిల్లూ అడిగి రాసుకోని పోతివి. సంబంధాలు చూసేదానివి గాకపోతే ఇంగెవురు?"

నాకప్పుడు గుర్తొచ్చింది. నా పెళ్ళిచూపులకు ముందు మా ఊరికొచ్చిన పెళ్ళిళ్ళ పేరమ్మ అడిగినవీ ఆ ప్రశ్నలే, ఆమె చేతిలోనూ గొడుగే!

"మరి ఆ వరిబువ్వ, నెయ్యి?"

"పస్తులుండామని చెప్తే పిల్లను ఎవురు జేసుకుంటారమ్మా? ఇంటింటా నీకు నీళ్లిచ్చిన ఆ చెంబు మాదే. నువ్వు ముందు గడప దిగేలోపల మా మనవరాలు దొడ్డిదారిన పక్కింటికి ఇచ్చొచ్చేది. దానికి ఆయాసమొచ్చె పాపం."

పరుగున వెళ్ళి పెద్దక్కకు అంతా చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది (నవ్వో దగ్గో ఇప్పటికీ తెలియదు). తర్వాత, "ఇప్పుడు చెప్పిందీ ఒక్క ఇంటి మాటే. ఊరి మాట కనుక్కునిరా. బండి వచ్చేలోపు వస్తే సరి, రాకపోతే గంగాళం ఎక్కించక తప్పదు" అంది.

గొడుగు పారేసి పరుగెత్తాను. నేను సంబంధాలు చూసేదాన్ని కాదని మొదటి ఇంట్లోనే ఒట్టేశాను. "అట్లనే అంటార్లే అక్కా, పిల్ల నచ్చకపోతే" అంది ఆ ఇల్లాలు మూతి తిప్పుకుంటూ. అంబలి మాటెత్తితే, "మాకెందుకు? మేం బాగనే ఉండాం" అని తలుపు దగ్గరకు వేసింది. పొద్దు వాలుతోంది. ఇంకేం అడగాలో తోచక గుమ్మంలోనే కూలబడ్డాను. నా అవస్థ చూసి జాలిపడిందేమో, తలుపు సందులోంచి గొంతు తగ్గించి, "అంత పెట్టాలనుంటే పక్కింటోళ్లకు పెట్టు. మొన్నట్నించి వాళ్ల పొయ్యిలో పిల్లి లేయలే" అంది.

పొయ్యిలో పిల్లికి చెవులున్నాయో లేదో గానీ పక్కింటామెకున్నాయి. గోడమీదుగా తల పైకొచ్చింది. "ఏం మే, నా పొయ్యి నీకేం జేసెనే? నీ పిల్లోల్లు చింతాకు ఉడకబెట్టుకోని తింటాండేది నేను జూడలేదా?"

"నా పిల్లోల్ల మాట నీకేల మే?"

"మా పొయ్యి మాట నీకేల?"

వాళ్ళిద్దరూ జుట్లు పట్టుకునేలా ఉన్నారు, నాకేమో ఇద్దరినీ ముద్దు పెట్టుకోవాలనిపించింది. అక్కడినుంచి ఏ ఇంట్లోనూ వాళ్ళ సంగతి అడగలేదు. "మీరు బాగానే ఉన్నారు, తెలుస్తూనే ఉంది. పక్కింటివాళ్ళ పరిస్థితేమిటి?" అన్నాను. అంతే. ఏ ఇంట్లో పసిబిడ్డకు పాలు అందడంలేదో, ఎవరు కడుపు మీద కొంగు బిగించి కట్టుకుని నిద్రపోతున్నారో, ఎవరు విత్తనాల జొన్నలు కూడా విసురుకు తిన్నారో, అంతా పూసగుచ్చినట్టు చెప్పారు. ఒకరి గుట్టు ఒకరు చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు. తమ ఇంటి మాట వచ్చేసరికి మళ్ళీ వరిబువ్వే.

నేను స్టేషనుకు చేరేసరికి మా ఆయన గంగాళం మీద కూర్చుని బండికోసం చూస్తున్నాడు. "దిగు, దిగు!" అని దూరంనుంచే అరిచాను. మర్నాడు పల్లెలో పొగ లేచింది. అంబలి పోయించుకోవడానికి మొదట ఎవరూ రాలేదు. పెద్దక్క చెప్పమన్నట్టు, "మీ పక్కింటి పిల్లలకు పట్టుకుపొండి" అన్నాను. అందరూ పక్కింటి పిల్లలకోసమే వచ్చారు. అందరికన్నా ముందు సొట్ట చెంబు వచ్చింది. (అవ్వ మనవరాలికి సంబంధం కూడా కుదిర్చాను లెండి. అవ్వ వదిలితేనా!)

ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఎన్నో గడపల్లో అడిగాను. ఇప్పుడు నా గడపలోకే వస్తున్నారు. మొన్న కాలేజీలో చదివే అమ్మాయి ఒకతె, భుజాన సంచి, చేతిలో కాగితాలు, ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ గురించి తెలుసుకుంటున్నానని వచ్చింది. చాప వేశాను, మంచినీళ్ళిచ్చాను. మోకాళ్ళెలా ఉన్నాయంటే లేడిపిల్లలా గంతులేస్తాయన్నాను. పొద్దు గడుస్తోందా అంటే తీరికే లేదన్నాను. పాపం, అంతా శ్రద్ధగా రాసుకుంది. దాని ముఖంలో నాకు బాగా తెలిసిన గర్వం ఒకటి మెరుస్తోంది. వీధి మలుపుదాకా పోనిచ్చాక మనసాగలేదు. మోకాళ్ళు పట్టుకుని గడపలోకి వచ్చి కేకేశాను.

"అమ్మాయ్! నా గురించి పక్కింట్లో కూడా అడిగిపో తల్లీ!"