పొగగొట్టానికి మూత దండగన్న మేధావి

మా పాప పుట్టిన 2009లో సియాటిల్ దగ్గర బాతెల్‌లో పాత ఇల్లు కొన్నాం. హాల్లో కట్టెలు కాల్చే ఫైర్‌ప్లేస్ ఉంది. వేసవిలో చిమ్నీ శుభ్రం చేసిన పెద్దాయన, పైన క్యాప్, అంటే జాలీ మూత, లేదనీ, పక్షులు గూడు కట్టేలోగా పెట్టించుకోమనీ చెప్పి వెళ్ళాడు.

మావారు సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్. ఆ ఉద్యోగం పేరు చూసుకుని ఇళ్ళ సంగతి కూడా తనకే తెలుసనుకుంటారు. వారం రోజులు ఇంటర్నెట్ చదివి తీర్పు చెప్పారు.

"లోపల డాంపర్ ఉంది కదా! ఆ రేకు తలుపు క్లోజ్ చేస్తే ఏదీ లోపలికి రాదు. క్యాప్ వేస్ట్."

"తలుపు పైన గూడు పెడితేనో?" అన్నాను.

"నీకు అర్థం కాదులే."

అక్టోబరులో ఒక మధ్యాహ్నం స్నేహితులను భోజనానికి పిలిచారు. వాళ్ళ ముందు దర్జాగా డాంపర్ తెరిచి నిప్పు రాజేశారు. నిమిషంలో పొగంతా హాల్లోకి తిరిగొచ్చింది. అలారం మోగింది. ఏడు నెలల పాప దగ్గి దగ్గి ఊపిరందక కందిపోయింది. దాన్ని గుండెకు హత్తుకుని, చెప్పులైనా లేకుండా వానలోకి పరిగెత్తాను.

ఫైర్ ఇంజన్ వాళ్ళు వచ్చి చిమ్నీలోంచి బుట్టెడు గూడు లాగారు. వాళ్ళలో ఒకతను "మీ క్యాప్ ఏది?" అని అడిగితే మావారు డాంపర్ మీద ఉపన్యాసం మొదలుపెట్టారు. అతను వినకుండా నా వైపు తిరిగి, "బేబీ ఓకే?" అన్నాడు.

పాప తేరుకుంది. మరుసటి వారమే క్యాప్ వచ్చింది. ఇప్పుడు ఎవరు ఇల్లు కొన్నా మావారు, "రెండూ మస్ట్ బాస్, నేను రీసెర్చ్ చేశాను" అంటారు.

ఆయన తెలివి సరే. తెలిసి కూడా, 'నీకు అర్థం కాదులే' అన్న ఆ ఒక్క మాటకు నోరు మూసుకున్న నా తెలివిని మాత్రం నేటికీ క్షమించలేను.