కాటా గదిలో రెండో పోర్టు

దసరాకి ఆయుధపూజ చేసిన మర్నాడు పొద్దున్న, అరసవల్లి రోడ్డులోని వేబ్రిడ్జి మొరాయించింది. బండి ఎక్కితే గోడ మీది పెట్టెలో బరువు ఎర్రగా వెలుగుతోంది గానీ, ఆ అంకె కంప్యూటర్‌లోకి రావడం లేదు. అది రాకపోతే చీటీ రాదు. అచ్చు చీటీ లేని చేపల్ని విశాఖ వ్యాపారి దింపుకోడు.

కాటా మీద కళింగపట్నం లక్ష్మణమ్మ వ్యాను ఉంది. అడుగు నుంచి ఐసునీళ్లు ధారకడుతున్నాయి.

"ఒసే పద్మా, నా సేపలు కుళ్లిపోయాక ఇస్తావేటే సీటీ?"

"ఉండు పిన్నీ, సూస్తన్నాను కదా!" అంది పద్మకుమారి.

పద్మకుమారి ఆ గదిలోకి మొదట ఊడ్చడానికి వచ్చింది. ఆ నల్లతెర కంప్యూటర్ బిగించిన రోజు చీపురు పక్కన పడేసి, ఇదేమిటి, అదెందుకు అని మెకానిక్ ప్రాణం తోడేసింది. అలా ఆపరేటరైంది. వాళ్లమ్మ చేపల గంప మోసిన మనిషి. ఐసు కరిగిపోతే ఇంట్లో పొయ్యి ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

వంగి కంప్యూటర్ వెనక చూసింది. ఓనరు ఉమాశంకర్, ఆమెకు వరసకు మావ, నిన్న వైర్లన్నీ పీకి, పసుపునీళ్లతో తుడిచి, చోటు దొరికినచోటల్లా బొట్లు పెట్టాడు. వైరు గుచ్చడానికి పక్కపక్కన ఒకేలా ఉండే రెండు పోర్టుల్లో మొదటిదాని సూదుల మీద ఇంత కుంకం! ఒక సూది వంగిపోయి, కదిపితే విరిగేలా ఉంది. కాటా వైరు రెండోదానికి తగిలించి ఉంది.

"మావా, బొట్టు పెట్టడానికి నీకింకెక్కడా సోటు దొరకనేదేటి?"

"అదీ ఆయుధమే కదేటే! వైరు దూరనేదు, పక్కదాంట్లో గుచ్చీసినాను," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఉమాశంకర్, తల గోక్కుంటూ.

అదీ సంగతి. కబురు రెండో గుమ్మానికి వస్తుంటే, కంప్యూటర్ మొదటి గుమ్మం దగ్గర కాపు కాస్తోంది. పద్మ సెట్టింగుల్లోకి వెళ్లి పోర్టు ఒకటి తీసేసి రెండు కొట్టింది. తెర నిండా పిచ్చి గుర్తులు పడ్డాయి.

"ఓలమ్మో, దీనికి దెయ్యం పట్టినాది!" అంది లక్ష్మణమ్మ, కిటికీలోంచి తెరకేసి చూసి.

పద్మ మొహం మాత్రం విప్పారింది. "మాటాడతన్నాది పిన్నీ! కాటా నిదానంగా సెప్తంటే ఇది జోరుగా ఇంటన్నాది. అంతే."

రెండో పోర్టు వేగం తొమ్మిదివేల ఆరువందలని ఉన్నచోట, మొదటి పోర్టుకున్నట్టే రెండువేల నాలుగువందలు కొట్టింది. పిచ్చి గుర్తులు పోయి, గోడ మీద వెలిగే అంకే తెర మీదా నిలిచింది. ప్రింటర్ గరగరమంది.

లక్ష్మణమ్మ చీటీ అందుకుని, వ్యానులో గోనె ఎత్తి ఒక చేప మొప్ప విప్పి చూసింది. ఎర్రగానే ఉంది. "బతికిపోనాం!" అని కాటా గట్టు మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. "ఒరే శంకరా, మీదటేడు పూజ నేను సేస్తాను. నువ్వు రోడ్డవతల నిలబడి దండం ఎట్టుకో."

వ్యాను మలుపు తిరిగేదాకా పద్మ గుమ్మంలోనే నిలబడింది. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది.