ఎవరూ నాటని తోట

కొండ చెరువు అడుగు నుంచి తీసిన బురద నమూనాను ప్రయోగశాలలో తెరిచినప్పుడల్లా మాగిన ఆకుల వాసన వస్తుంది. ఆ వాసనతో నా ఏడేళ్ల వయసు గుర్తొస్తుంది.

అప్పుడు అమ్మ, నాన్నగారు, నేను అమలాపురం నుంచి మారేడుమిల్లి కొండలకు వెళ్లాం. దారి పక్కన కారు ఆపి నాన్నగారు సీసా పట్టుకుని వాగు నీళ్ల కోసం చెట్ల మధ్యకు నడిచారు. నడివేసవిలోనూ పచ్చగా ఉన్న వెడల్పాకుల చెట్లవి. వాటి కింద మధ్యాహ్నమే చీకటిగా ఉంది. మా కోనసీమలో కాయలు దింపే రోజుల్లో ఎవరి కొబ్బరితోటలో కాలు పెట్టాలన్నా ముందు కేకేయాలి. లేకపోతే గెల నెత్తిన పడుతుంది. నాన్నగారు కేకేయలేదు. ఆయన ఇక తిరిగి రారనుకున్నాను.

“ఎవరండీ తోటలో? మా నాన్నగారు వచ్చేరండీ, కాయలు కొట్టకండీ!” అని అరిచాను.

అమ్మ నవ్వింది. “అడవిలో కాయలెవరు దింపుతారే, కోతులా?”

నాన్నగారు సీసాతో తిరిగొచ్చాక, “ఈ తోట ఎవరిది నాన్నగారూ?” అని అడిగాను.

“ఎవరిదీ కాదమ్మా. ఎవరూ నాటలేదు. మనుషులు లేనప్పుడే వానకీ, గాలికీ, పిట్టలకీ పుట్టుకొచ్చేయి.”

నాకు భయం ఎక్కువైంది. నాటినవాళ్లుంటే బతిమాలుకోవచ్చు. ఇక్కడ ఎవరిని బతిమాలాలి?

ఆ అడవులు ఎలా పుట్టాయో వెతకడమే ఇప్పుడు నా ఉద్యోగం. వేల ఏళ్ల నాటి బురద అడుగు పొరల్లో ఆ చెట్ల పుప్పొడి దట్టంగా ఉంటుంది. మన కాలపు పై పొరలకు వచ్చేకొద్దీ పలచబడుతుంది. సూక్ష్మదర్శిని మీద వంగి లెక్కిస్తుంటే ఆ ఏడేళ్ల నాటి భయమే మళ్లీ వస్తుంది. ఎవరూ నాటని అడవి పోతే, దాన్ని తిరిగి నాటడం ఎవరికీ తెలియదు.