మంచులో నిలబడ్డ బనీను

హెలికాప్టర్ మా జవాన్లని సరిహద్దు మంచులో దించి వెంటనే లేచిపోయింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. నేను సూరత్‌లో, తెలుగు నేతగాళ్ళుండే లింబాయత్ సందుల్లో పెరిగినవాణ్ణి. ఎండ తెలుసు గాని ఈ చలి తెలియదు. పై పోస్టుకు తాడు పట్టుకుని నడవాలి. వీపుల మీద కిరసనాయిలు డబ్బాలు.

బయల్దేరే ముందు హవల్దార్ సాబ్ కొత్త షర్టులు పంచాడు. ట్రయల్ బట్ట. చెమటను ఒంటి మీద నిలవనీయదట. ఒళ్ళు వేడెక్కితే ఆ వేడిని దాచుకుని, చలేస్తే తిరిగి ఇస్తుందట. ఆర్డరు ఒకటే: ఆ షర్టు లోపల ఇంకేమీ వేసుకోకూడదు. సూరత్‌లో నేసిన బట్ట అని తెలిసి నేను పొంగిపోయాను. మా అన్న అక్కడే, ఊరి పక్క జోల్వాలో, పవర్‌లూమ్ నడుపుతాడు.

మా రేడియో ఆపరేటర్ది జగిత్యాల వైపు. షర్టు నలిపి చూసి నవ్వాడు.

"ఏందన్నా, మీ సూరత్ చీరెల గుడ్డ మనకిచ్చిన్రు? ఒంటికి నూలు బనీను లేకుంటే నాకు మంచిగనిపియ్యది."

"ఆర్డర్ తమ్మీ. బనీను ఇప్పు."

"ఇప్పుత తియ్యి," అన్నాడు. విప్పలేదు.

ఎక్కుతుంటే అందరికీ చెమటలు పట్టాయి. మధ్యాహ్నం రెండింటికి గాలి ముదిరి, మంచు గోడ చాటున ఆగాం. రేడియో ఆపరేటర్ వణికాడు. కాసేపటికి వణుకు ఆగిపోయింది. నాకు అసలు భయం అప్పుడే వేసింది; ఒంట్లో వేడి అయిపోతేనే వణుకు ఆగుతుందని మాకు ముందే చెప్పారు. రేడియోలో బేస్ పిలుస్తోంది, అతనికి నాలుక తిరగడం లేదు. కాలర్లోంచి చెయ్యి పెట్టి చూశాను. తడి నూలు, ఐసులా తగిలింది.

"బనీను ఏస్కున్నవా?"

"అలవాటన్నా..."

తిట్టడానికి టైము లేదు. టార్పాలిన్ కప్పి, ఆ బనీను ఊడలాగి బయటికి విసిరేశాను. నా సంచిలో పొడిగా ఉన్న రెండో ట్రయల్ షర్టు అతని ఒంటికి తొడిగాను. హవల్దార్ సాబ్, నేను చెరో పక్క అతుక్కుని పడుకున్నాం.

హవల్దార్ సాబ్ రేడియో అందుకున్నాడు. "మనిషిని వదిలి కదలం. గాలి తగ్గాక అందరం కలిసే పైకొస్తాం. ఓవర్."

చాలాసేపటికి అతను మళ్ళీ వణికాడు. ఆ వణుకు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

గాలి తగ్గింది. బయటికొస్తే, అంచు మంచులో దిగబడి, ఆ బనీను గడ్డకట్టి నిటారుగా నిలబడి ఉంది. లోపల మనిషి లేడు, అంతే.

"నువ్వు గుంజకుంటే గది నేనే అన్నా," అన్నాడు మెల్లగా. డబ్బాలు ఎత్తుకుని పోస్టు దాకా నడిచాం. పోస్టు మీద మా గడువు ముగిశాక అందరం దిగివచ్చాం.

ఇప్పుడు రిటైరై సూరత్‌లో అన్న దగ్గరే ఉంటున్నాను. అన్న డ్యూటీ దిగి, చెమటకు తడిసిన బనీను పిండి దండెం మీద వేస్తాడు. నేను వెళ్ళి దాన్ని పట్టుకుంటాను.

"ఏందిరా, రోజు గదాన్ని పట్టి చూస్తవ్?"

"ఏం లేదన్నా."

అది నా చేతిలో మెత్తగా వంగాకే లోపలికి వెళ్తాను.