ఎర్రనీళ్ల పరీక్ష

మొన్న పాలకొల్లులో ఒక పెళ్లింట కొత్త జంటకు దిష్టి తీస్తున్నారు. పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ల వాసన తగలగానే అందరూ పెళ్లికూతుర్ని చూస్తుంటే నేను నా చొక్కా చూసుకున్నాను. లలితమ్మగారు గుర్తొచ్చారు.

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పరికరాలు ఎంపిక చేసే ఉద్యోగంలో అప్పుడే చేరాను. ఆవిడ ఆపరేషన్ థియేటర్ హెడ్ నర్సు. ఆపరేషన్లో పీల్చి తీసిన రక్తం, నీళ్లు పారబోసేందుకు కొత్త ఏర్పాటు చూడమన్నారు. రెండు రకాలు వచ్చాయి. ఒకటి పెద్ద జార్లు, నిండాక మూత తీసి సింకులో వంపాలి. రెండోది మూత తీసే పనే లేకుండా గొట్టం ద్వారా శుద్ధి ట్యాంకుకు పంపే యంత్రం. పెద్ద జారైతే మాటిమాటికీ మార్చక్కర్లేదని, నేను మహా తెలివిగా జార్లకే ఓటేశాను.

"ఆ మూత ఎవరు తీస్తారండి, ఇంజనీరు గారూ?" అన్నారావిడ.

"మంగ ఉంది కదండీ." మంగ థియేటర్ శుభ్రం చేసే మనిషి.

"ఇవాళ్టికి మీరు తియ్యండి."

నమూనాకిచ్చిన జారు నిండా స్వయంగా ఎర్రనీళ్లు కలిపారు. దాన్ని మోసుకుని వరండా దాటేసరికి నా చెయ్యి లాగేసింది. సింకు దగ్గర బిగుసుకున్న మూత ఒక్కసారిగా ఊడి, నీళ్లు నా మొహం మీదా, కళ్లజోడు మీదా, తెల్లచొక్కా మీదా చిమ్మాయి.

"అయ్యబాబోయ్! పెళ్లికళ వచ్చేసిందండి బాబుగారికి!" అని మంగ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. లలితమ్మగారు నవ్వలేదు.

"నువ్వెలా వంపుతావు మంగా?" అని మొదటిసారి అడిగాను.

"కళ్లు మూసుకుని వంపేస్తానండి."

సిగ్గుతో చచ్చిపోయాను. అలాగని ఆవిడ యంత్రాన్నీ ఊరికే ఒప్పుకోలేదు. అందులోనూ ఎర్రనీళ్లు పోయించి, గొట్టం అతుకులన్నిటికీ తెల్లగుడ్డ చుట్టి, ఆ వయసులో నేల మీద పడుకుని టార్చి వేసి చూశారు. గుడ్డ మీద మచ్చ పడలేదు. నా రిపోర్టు తిరగరాశాను.

ఈ ఎర్రనీళ్ల ఆలోచన ఎలా వచ్చిందండీ అని ఆవిడ రిటైరైన రోజున అడిగాను.

"కొత్తలో నేనూ వంపాను బాబూ. నాకు కళ్లజోడు లేదు, రక్తం కళ్లలో పడింది. తర్వాత కామెర్లొచ్చాయి."

ఆ కామెర్లు మిగిల్చిన కాలేయం జబ్బుతోనే కిందటేడు పోయారు. ఎంత కోపం వచ్చిందో నాకు, ఎవరి మీదో తెలియని కోపం.

ఇప్పటికీ నా సొరుగులో పసుపు పొట్లం, సున్నం డబ్బీ ఉంటాయి. మెరిసే ప్రచార కాగితాలు పట్టుకుని ఎవరైనా పరికరాలు అమ్మడానికి వస్తే, ఎర్రనీళ్లు నింపి ముందు వాళ్లనే మొయ్యమంటాను. మంగ ఇప్పుడు కళ్లు తెరుచుకునే పనిచేస్తోంది.