ఎర్త్ తీగ రెండో కొస

కరెంటు తీగ పట్టుకుని ఒట్టు వెయ్యమన్నా వేస్తాను. ఇది జరిగింది. ఇంకెవరికో కాదు, నాకే. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, మధ్యలో అడ్డు రాకండి.

నా సంగతి మీకు తెలుసు కదా. వైరింగు పనిలో నాకున్నంత చాదస్తం చోడవరం మొత్తానికి ఇంకెవడికీ లేదు. చిన్న ప్లగ్గు పెట్టినా ఎర్త్ ఉండాలి, టెస్టు అవాలి, ఆ తరవాతే స్విచ్చి. "పెళ్ళికూతురికి కూడా ఇన్ని పరీక్షలుండవురా అప్పారావూ" అని మీరే ఏడిపించేవారు. అలాంటివాణ్ణి. చూడనిది చెప్పను.

యాభైల్లో మాట. ఊళ్ళోకి కరెంటు వచ్చిన కొత్త. గోవాడ రోడ్డు వేపు నరసమ్మగారని ఉండేది. చెరుకు రైతుల ఇల్లు. ఆవిడ, కొడుకు సూరిబాబు, కోడలు పైడితల్లి. కోడలికి అప్పుడే మగపిల్లాడు పుట్టేడు. వాడికి ముందు ఒక ఆడగుంట పుట్టి, పురిట్లోనే పోయింది. అంచేత ఈ గుంటడంటే ఇంటిల్లిపాదికీ ప్రాణం. వాడి కళ్ళల్లోకి కిరసనాయిలు పొగ పోకూడదని సూరిబాబు విశాఖపట్నం వెళ్ళి ఇనప బల్లదీపం ఒకటి కొనుక్కొచ్చేడు. పురిటిగదిలో దానికి ప్లగ్గు పెట్టాలి. అదీ పని.

ఇనప దీపం అనగానే ఎర్త్ లేకుండా కుదరదన్నాను. ఇంటి వెనక గోడ వార నడుం లోతు గొయ్యి తవ్వించి, రాగి రేకు దింపి, దాని చుట్టూ బొగ్గులూ ఉప్పూ వరసలు వరసలుగా వేయించేను. రేకు నుంచి తీగ గోడెక్కించి ప్లగ్గుకి కలిపేను. పొరపాట్న దీపం ఒంట్లోకి కరెంటు దిగిందనుకోండి, ఆ తీగమ్మట భూమిలోకి పోవాలి. ఫ్యూజు ఎగిరిపోవాలి. పట్టుకున్న మనిషికి ఏమీ అవకూడదు. ఎర్త్ అంటే అంతే, ఇంకేం లేదు.

నరసమ్మగారు పెరటి గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. ఉప్పు బస్తా విప్పేసరికి ఆవిడ మొహం అదోలా అయిపోయింది.

"అంత ఉప్పు ఎందుకు బాబూ?"

"తడి పట్టి ఉంచుతాదమ్మా. రోజూ ఓ చెంబుడు నీళ్ళు కూడా పోస్తూ ఉండండి."

ఇంకేదో అనబోయింది. కోడలున్న గది వేపు చూసి ఊరుకుంది. నేను పట్టించుకోలేదు. ఆ పూట కరెంటు లేదు. రేపొచ్చి టెస్టు చేస్తాను, అందాకా ఎవరూ ముట్టుకోకండి అని మరీ మరీ చెప్పి వచ్చేసేను.

మర్నాడు రావికమతంలో పని చూసుకుని వచ్చేసరికి బాగా చీకటి పడింది. తిన్నగా వాళ్ళింటికే వెళ్ళేను. టెస్టులాంపు తీసేను. తెలుసుగా, హోల్డరులో ఓ బల్బు, దానికి రెండు తీగలు. ఒక తీగ కరెంటు కన్నంలో పెట్టేను. రెండోది ఎర్త్ కన్నంలో. ఎర్త్ బాగుంటే బల్బు నిండుగా వెలగాలి. లేకపోతే లేదు.

వెలిగింది...

నిండుగా వెలిగింది. కళ్ళు చెదిరేలా. నేనే కాదు, పక్కనున్న సూరిబాబూ చూసేడు. దీపం ఒంట్లోకి కరెంటు కారడం లేదు కదా అని మెగ్గరు మిషను కూడా తిప్పి చూసేను. అదీ బాగానే ఉంది. ఇంక వాడుకోండన్నాను. నేనూ సూరిబాబూ వీధి అరుగు మీద మజ్జిగ తాగుతూ కూచున్నాం.

లోపల నరసమ్మగారు గుంటడికి నీళ్ళు పోస్తోంది. నేల మీద కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద వాణ్ణి పడుకోబెట్టుకుని. చెంబుతో నీళ్ళు తోడే చప్పుడు... వాడి ఏడుపు... సాంబ్రాణి వాసన అరుగు దాకా వస్తోంది. "ఎలుతురు ఇటు పడతన్నాది కాదే" అని ఆవిడ గొంతు వినిపించింది.

ఠప్...

చీకటి. గుంటడి ఏడుపు కూడా ఆగిపోయింది.

పరిగెత్తుకెళ్ళి ముందు మెయిన్ ఆపేసేను. సూరిబాబు లాంతరు తెచ్చేడు. నరసమ్మగారి చెయ్యి దీపం మెడ మీద ఉంది. తడి చెయ్యి. కింద అంతా నీళ్ళు. కాళ్ళ మీద గుంటడు కళ్ళు టపటపలాడిస్తున్నాడు. చీకటికి బెదిరి ఏడుపు మానేసేడు, అంతే.

"ఏటి బాబూ, దీపం ఆరిపోనాది?" అంది ఆవిడ, ఏమీ జరగనట్టు.

దీపం విప్పి చూసేను. ఆవిడ మెడ పట్టుకుని తిప్పినప్పుడు లోపల తీగ నలిగి, పైతొడుగు చిట్లిపోయింది. ఇనప మెడ లోపలివేపు నల్లటి మచ్చ. రెండో తీగ చెక్కు చెదరలేదు. అంటే తీగా తీగా కలిసి ఫ్యూజు పోలేదు. కరెంటు దీపం ఒంట్లోకే దిగింది. ఎర్త్ లేకపోతే ఆవిడ ఒంట్లోంచి, ఆ తడి గుంటడి ఒంట్లోంచి నేలకి పోయేది. మనిషి ఒంట్లోంచి పోతే ఫ్యూజు పోదు. మనిషే పోతాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అమ్మా, పెరట్లో పెట్టిన ఆ రాగి రేకే మిమ్మల్నీ మీ మనవణ్ణీ కాపాడింది" అన్నాను.

ఆవిడ గుంటణ్ణి కోడలి చేతికిచ్చి, నన్ను పెరటి గుమ్మం దాకా తీసుకెళ్ళింది. గొంతు బాగా తగ్గించింది.

"ఏ రేకు బాబూ? అది నేదు కదా."

"లేకపోడమేటమ్మా?"

"పొద్దున్నే పాలేరు సేత తవ్వించి తీయించీసేను. ఉప్పూ బొగ్గులూ అన్నీ ఎత్తించి ఏట్లో పారబోయించీసేను." కోడలి గది వేపు ఓసారి చూసుకుంది. "ఆ గోడ వారే బాబూ, ముందు పోయిన ఆడగుంటని పూడ్చిపెట్టేము. నువ్వు తవ్విన గొయ్యి పక్కనే. ఎక్కడన్నది కోడలికి సెప్పనేదు... అంత ఉప్పు పోస్తే దానికి మండదా?"

నిజం చెప్తాను, ముందు నాకు కోపం వచ్చింది. ఎర్త్ పీకేసి దీపం వెలిగించుకుంటారా అని కేకెయ్యబోయేను. అప్పుడు తట్టింది... పొద్దున్నే తీసేస్తే, ఇందాక నా బల్బు ఎలా వెలిగింది? ఫ్యూజు ఎలా పోయింది?

లాంతరు తీసుకుని వెనక్కి వెళ్ళేను. తీగ గోడమ్మట దిగి, పూడ్చిన మట్టిలోకి పోతోంది. పాలేరు రేకు దగ్గర తీగ విరిచేసి, కొస అలాగే వదిలి పైన మట్టి కప్పేసేడన్నమాట. మంచి ఎండాకాలం. మట్టి గుప్పిట్లో పడితే జారిపోతోంది. అలాంటి పొడిమట్టిలో గుచ్చిన తీగతో బల్బు మిణుక్కుమంటే గొప్ప.

తీగ పట్టుకుని లాగేను. రాలేదు. ఇంకొంచెం లాగేను. ఓ బెత్తెడు వచ్చింది...

మళ్ళీ వెనక్కి పోయింది.

మెల్లగా. నా గుప్పిట్లోంచి.

లాంతరు కింద పెట్టేను. రెండు చేతులా పట్టుకున్నాను. లాగలేదు, ఊరికే పట్టుకున్నాను. ఎక్కడా చప్పుడు లేదు. తీగ బిగుతుగా ఉంది. ఎలా చెప్పను... అటు కొస ఎవరో పట్టుకున్నట్టు. బలమేం లేదు. పసిపిల్లలు మన వేలు పట్టుకుంటారు చూడండి... అంత.

భయమేసింది. సిగ్గేమిటి, భయమేసింది.

అప్పుడు వదులైంది. తీగంతా నా చేతిలోకి వచ్చేసింది. కొస లాంతరు దగ్గర పెట్టి చూసేను. విరిగిన కొస. పొడిగా ఉంది. చేత్తో మట్టి తోడి చూసేను. వేరు లేదు, రాయి లేదు. అదే తీగని అదే మట్టిలో మళ్ళీ పూడ్చి, కొత్త ఫ్యూజు వేసి, మెయిన్ వేసి, టెస్టులాంపు పెట్టేను. వెలగలేదు. ఎర్రగా కూడా కాలేదు. ఎన్నిసార్లు పెట్టినా అంతే.

తీగ చుట్టగా ఉండి ఉండి, ఆ గుణం కొద్దీ వెనక్కి పోయిందంటారు. అనండి. నేనూ అదే అనుకున్నాను. మరి బల్బు సంగతో? అంత ఫ్యూజు ఎగరగొట్టిన ఎర్త్ అరగంటలో ఎక్కడికి పోయింది? మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వింటాను.

పొద్దున్నే వీధివేపు వేరే గొయ్యి తవ్వించేను. అక్కడ ఉప్పు వేస్తే నరసమ్మగారు ఏమీ అనలేదు. టెస్టు చేసి, ఆవిడ ఎదట మళ్ళీ చేసి, సామాను సర్దుకున్నాను. ఆవిడ నా వెనకే వీధిలోకి వచ్చింది.

"బాబూ... రేత్రి ఆ తీగ నువ్వు లాగీసేవా? నేకపోతే ఆడగుంటే ఒదిలీసినాదా?"

తీగ సంగతి నేను ఆవిడకి చెప్పలేదు. గుమ్మంలోంచి చూసిందో ఏమో.

"నేనే లాగేసేనమ్మా" అన్నాను.

ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు తిరిగేయి. "ఇంకాసేపు పట్టుకోనివ్వాల్సింది బాబూ" అంది.

ఆవిడకి నేను చెప్పింది నిజమో అబద్ధమో... ఒట్టు, నాకిప్పటికీ తెలీదు.