పత్తి లారీ మీద ల్యాప్‌టాప్

కరీంనగర్‌లో ఒక విత్తనాల కంపెనీకి ఊళ్లు తిరిగే ఉద్యోగి ఓంప్రకాశ్. కంప్యూటర్ల గురించి ఆయనకు తెలియనిది లేదని ఆయనే అందరికీ చెప్పేవాడు. ఆఫీసు కుర్చీ మాత్రం ఆయనకు జైలుతో సమానం. ఆ రోజు బోథ్‌లో పత్తి చేలు చూసి ఇచ్చోడకు వచ్చేసరికి మూడున్నరయింది. నాలుగింటికల్లా రిపోర్టు చేరకపోతే రేపటి నుంచి కుర్చీయేనని మేనేజర్ ముందే చెప్పాడు.

జబ్బార్ హోటల్లో గల్లాపెట్టె పక్కన ఫోన్‌ను చార్జింగుకు పెట్టి, దాని నెట్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపాడు. రిపోర్టు నత్తలా కదిలింది. "మీదికి పోతే సిగ్నల్ దంచికొడ్తది భాయ్," అంటూ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, రోడ్డు అవతల ఆగిన పత్తి లారీ ఎక్కాడు. ఆ కాస్త నెట్టూ మాయమైంది. ల్యాప్‌టాప్‌ను నెత్తిన పెట్టుకుని నాలుగు దిక్కులకూ తిరిగాడు. బస్సులో పోయేవాళ్లు ఏదో ఊరేగింపనుకుని దండం పెట్టారట.

"ఓ సార్!" కింద నుంచి జబ్బార్ అరిచాడు. "నెట్టిచ్చే ఫోన్ నా గల్లా కాడుంటే, నువ్వు గాడ ఎవనికి సూపెడ్తున్నవ్? జర దిగు!"

దిగి, ఫోన్ పక్కన బుద్ధిగా కూర్చుంటే రిపోర్టు మెల్లగా పోయింది. ఇంకా మూడు నిమిషాలు మిగిలాయి. వెంటనే మేనేజర్ ఫోన్ చేశాడు.

"గా అడవిలకెళ్లి ఎట్ల పంపినవయ్యా?"

నిజం నోటిదాకా వచ్చింది కానీ ఓంప్రకాశ్ మింగేశాడు. "లారీ మీదికెక్కి సిగ్నల్ పట్టిన సార్. గిది అందరికి రాదు."

"శభాష్! గింత తెలిసినోనివి, ఎండల తిరుగుడెందుకు? సోమవారం నుంచి ఆఫీసుల కూసొని కొత్తోళ్లకు నేర్పియ్యి."